బుధవారం కోసిన పడుగు

మల్లయ్యను తీసుకుపోయే లారీ సాయంత్రం నాలుగింటికి కదులుతుంది. ఇస్రాయేలు నారాయణపేటలో దిగేసరికి పదకొండు దాటింది. చేతిలో ఐదు గంటలు కూడా లేవు. లారీ ఎక్కినవాడు ముందు జిల్లా జైలుకు, అక్కడినుంచి ఎక్కడో దూరపు క్యాంపుకు పోతాడు. పోలీసు చర్య జరిగిన ఈ నాలుగు నెలల్లో అట్లా పోయి తిరిగొచ్చినవాణ్ణి ఇస్రాయేలు ఇంతవరకు చూడలేదు.

మల్లయ్య భార్య హనుమమ్మ మహబూబ్‌నగర్ దాకా నడిచివచ్చి ఇస్రాయేలు గడప ముందు కూర్చున్నది. ఏడవలేదు. తన మొగుడు రంగులు వేసేవాడనీ, మనిషిని కొట్టేవాడు కాదనీ మాత్రం చెప్పింది. ఇస్రాయేలు భార్యను మట్టిచేసి అప్పటికి ఐదు నెలలు. అప్పటినుంచి ఎవరి తరఫునా ఆరా తీసే కేసు ఒప్పుకోలేదు. హనుమమ్మ కాళ్లకు కట్టుకున్న గుడ్డపీలికలు చూసి, లోపలికి పోయి కోటు తొడుక్కున్నాడు.

ఇన్‌స్పెక్టర్ కామేశ్వరరావు పోలీసు చర్య తరువాత కోస్తా నుంచి వచ్చినవాడు. ముప్పై రెండేళ్లుంటాయి. లంచం ముట్టడనీ, తెల్లారకముందే పనిలో దిగుతాడనీ ఊళ్లో మంచి పేరు. అద్దెకు తీసుకున్న పెంకుటింట్లో ఆయన దళం మకాం.

"మీరు నైజాం ఖుఫియా పోలీసులో పనిచేసిన ఇస్రాయేలు గారు కదూ?" అన్నాడు, కూర్చోమనకుండానే. "ఆ ప్రభుత్వం పోయిందండీ. దానితో ఆ పద్ధతులూ పోయాయి."

"నేను అంతకంటె ముందే పోయిన. ఆరేండ్లయింది," అన్నాడు ఇస్రాయేలు. "జానయ్య ఎట్ల చనిపోయిండో మీ కాగితాల్లో ఉన్నది చెప్తే చాలు. నా పద్ధతులు మీకు అడ్డం రావు."

కామేశ్వరరావు ఫైలు తెరిచి చదివినట్టే చెప్పాడు. జానయ్య బండి మనిషి. ఇరవై రెండేళ్లుగా రైలు స్టేషను నుంచి ఈ ఊరి మగ్గాలకు నూలు తెచ్చేది ఆయనే. నూలు మీద కంట్రోలు వచ్చాక సర్కారు కోటా పదిహేను రోజులకొకసారి సావుకారి కృష్ణయ్య పేరు మీద స్టేషనులో తూచి ఇస్తున్నారు. కృష్ణయ్య ఆ నూలుకు మల్లయ్య చేత రంగు వేయించి, నలభై ఇళ్ల మగ్గాలకు పంచి, నేసిన చీరలు తానే తీసుకుంటాడు. మొన్న బుధవారం సాయంత్రం ఆరింటికి నాలుగు బేళ్ల నూలుతో జానయ్య బండి స్టేషను వదిలింది. గురువారం పొద్దున ఏడింటికి, ఊరికి ఏడు మైళ్ల అవతల వాగు దగ్గర గొర్రెలవాళ్లు ఆ బండిని చూశారు. బేళ్లు లేవు. జానయ్య చక్రం పక్కన పడి ఉన్నాడు. తల వెనుక దెబ్బ. అప్పటికే ప్రాణం పోయి నాలుగైదు గంటలై ఉంటుంది.

"మల్లయ్యే ఎందుకు?"

"రెండేళ్ల క్రితం సంగంవాళ్లకు, అదే కమ్యూనిస్టులకు, దుప్పట్లిచ్చాడు. అది ఒకటి. రెండోది, ఆ రాత్రి తెల్లవారుజామున అతని రంగుల కొట్టంలో పెద్ద మంట. చూసినవాళ్లు ఇద్దరున్నారు. ఊరంతా పడుకున్న వేళ మంటెందుకండీ? బేళ్ల మీది గోనెపట్టాలు, మిల్లు గుర్తులు కాల్చెయ్యడానికి."

"గోనె బూడిద దొరికిందా?"

"బూడిద దొరికింది. బూడిద మీద పేరు రాసి ఉంటుందా?"

"ఎద్దులు ఎట్ల ఉన్నయి?"

ఇన్‌స్పెక్టర్ ఆగి, రెండు కాగితాలు తిప్పాడు. ఎద్దులు కాడి విప్పి ఉన్నాయి. ముందు గడ్డి వేసి ఉంది. బేళ్లు కట్టిన తాడు మాత్రం నాలుగుచోట్ల కోసి ఉంది.

"దొంగలు మీదపడితే ఎద్దులను విప్పి గడ్డి వేసే తీరుబడి ఉండదు," అన్నాడు ఇస్రాయేలు. "జానయ్య అక్కడ తెలిసినవాళ్ల కోసం ఆగిండు. కాని బేళ్లు ఇయ్యడానికి ఒప్పుకొని ఉంటే తాడు ఆయనే విప్పేవాడు. ఆ ముడి వేసింది ఆయనే. కొయ్యవలసి వచ్చిందంటే ఇయ్యనన్నడు. ఆగింది ఇష్టంతోనే. ఇచ్చింది ఇష్టంతో కాదు."

"బాగుంది. మల్లయ్య కూడా తెలిసినవాడేగా?"

ఇస్రాయేలు మల్లయ్యను చూడాలన్నాడు. ఇన్‌స్పెక్టర్ టోపీ అందుకున్నాడు. సాక్షుల మాటలు మారకుండా చూడటం తన బాధ్యత కాబట్టి నాలుగింటిదాకా వెంటే ఉంటానన్నాడు. అది మర్యాదో కాపలాయో ఇస్రాయేలు అడగలేదు.

మల్లయ్యను వెనుక వడ్ల కొట్టంలో ఉంచారు. యాభై ఏళ్ల మనిషి. మోచేతుల దాకా ఎరుపు, ఎన్నిసార్లు కడిగినా పోనిది. హనుమమ్మ వచ్చిందా, కాళ్లు ఎట్లున్నయని ముందు అడిగాడు. తరువాత మంట సంగతి తానే ఎత్తుకున్నాడు.

"పొయ్యి ముట్టిచ్చింది నేనే సారూ. కాదంటలేను. జానయ్యన్న బండి కోడి కూసే యాళ్లకు వస్తది. వచ్చినంక పొయ్యి పెడితే కాగు మరిగేసరికి పొద్దెక్కుతది, నూలు ఆనాడు ఆరదు. ఆరకుంటే మర్నాడు వీధిల పడుగు దారాలు సాపరు, గంజి పెట్టరు. నలభై ఇండ్లల్ల ఒక దినం ఉత్తగ పోతది. అందుకే బండి రాకముందే ముట్టిస్త."

"బండి రాకపోతే?"

మల్లయ్యకు ఆ ప్రశ్నే అర్థం కానట్టుంది. "రాకపోవుడేంది సారూ? నూలు వస్తదని కృష్ణయ్య సేటు అంటె వస్తది. జానయ్యన్న తెస్తనంటె తెస్తడు. గా మాట మీదనే నేను కట్టెలు పెడత, గా మంట చూసే ఆడోళ్లు గంజికి గింజలు దంచుకుంటరు. ఒకళ్ల మాట మీద ఒకళ్లం. ఇన్నేండ్లల్ల ఒక్క కాయిదం లేదు." తల పక్కకు తిప్పుకున్నాడు. "ఆనాడు కాగెడు ఎర్రరంగు మాడిపోయింది సారూ. గసుంటి రంగు మళ్ల ఎప్పుడు దొరుకుతదో." అని, తన మాట తనకే వినబడి సిగ్గుపడ్డాడు. "మనిషే పోయిండు. నేను రంగు ముచ్చట చెప్తున్న."

బయటికి వచ్చాక ఇస్రాయేలు ఇన్‌స్పెక్టర్‌ను ఒకటే అడిగాడు, కొట్టం సోదా చేసినప్పుడు రాసిన కాగితంలో మాడిన కాగు ఉందా అని. ఉంది. అడుగంటిన ఎర్రరంగు కాగు ఒకటి.

"రాదని తెలిసిన నూలు కోసం ఎవరన్న కాగెడు రంగు మాడ్చుకుంటరా?"

"అనుమానం రాకుండా నటించి ఉండొచ్చు."

"ఉండొచ్చు," అన్నాడు ఇస్రాయేలు. "ఈ ఊళ్లో ఆ బండి కోసం ఒకరి వెనుక ఒకరు సిద్ధమయిండ్రు. సిద్ధం కానివాళ్లు ఎవరన్న ఉన్నరేమో చూద్దాం. వాళ్లకు బండి రాదని ముందే తెలుసు."

కామేశ్వరరావు గడియారం చూసుకున్నాడు. పన్నెండు నలభై.

సావుకారి కృష్ణయ్య అరవై ఏళ్ల మనిషి, మెత్తగా మాట్లాడతాడు. వాళ్లిద్దరికీ మజ్జిగ ఇప్పించాడు. జానయ్య పేరు ఎత్తగానే కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. ఆ కన్నీళ్లు అబద్ధం కాదని ఇస్రాయేలుకు అనిపించింది. కరువు ఏడాది ఈ నలభై ఇళ్లకు జొన్నలు పోసింది తానేననీ, నేసేవాళ్లు తన పిల్లలవంటివాళ్లనీ కృష్ణయ్య చెప్పాడు. మాటకు మాట, ఇరవై ఏళ్ల వ్యాపారం అట్లాగే నడిచిందట. కంట్రోలు వచ్చాక అంతా గందరగోళమైందట.

మల్లయ్యకు మీరు జామీను నిలబడతారా అని ఇస్రాయేలు అడిగాడు. కృష్ణయ్య గ్లాసు కింద పెట్టాడు. సర్కారు పనికి తాను అడ్డం రాననీ, న్యాయం తేల్చవలసింది పెద్దలనీ అన్నాడు. ఇరవై ఏళ్లు కాగితం లేకుండా నమ్మిన మనిషి కోసం ఒక్క నోటిమాట ఖర్చుపెట్టలేదు. ఇస్రాయేలు అది మనసులో పెట్టుకున్నాడు.

గోడ పక్కన తెల్లగుడ్డ మీద చీరలు దొంతి పెట్టి ఉన్నాయి. మర్నాడు కొత్త నూలు వస్తుంది కాబట్టి బుధవారం దీపాలు పెట్టకముందే అన్ని ఇళ్లవాళ్లూ పాత పడుగు మీది ఆఖరి చీర తెచ్చి ఇచ్చారని కృష్ణయ్య చెప్పాడు. ఇస్రాయేలు ఒక్కొక్క చీర అంచు వేలితో ఎత్తి చూశాడు. అన్నీ నేత ఆగిన చోటికి దగ్గరగా కోసి ఉన్నాయి. ఒక్క చీరకు మాత్రం నేయని దారాలు మూరెడు పొడుగున వేలాడుతున్నాయి.

"ఇది ఎవరిది?"

కృష్ణయ్య ఆ దారాలవైపు చూశాడు. అంతకుముందు వాటిని గమనించనట్టుంది.

"ఎల్లస్వామిది," అన్నాడు. మళ్లీ మజ్జిగ పొయ్యమని లోపలికి కేకేశాడు.

రెండింటికి ఇద్దరూ సాలెవాడలోకి వచ్చారు. ఏ ఇంట్లోనూ మగ్గం చప్పుడు లేదు. ఇస్రాయేలు మొదటి ఇంట్లోకి పోయి మగ్గం గుంట పక్కన కూర్చొని ఇన్‌స్పెక్టర్‌ను కూడా వంగి చూడమన్నాడు. చీర కోసి తీసేశారు గాని, దువ్వెన పళ్లవంటి సన్నని రెల్లుపుల్లల అచ్చులో మాత్రం పాత పడుగు దారాలు మూరెడు పొడుగున అట్లాగే దూర్చి ఉన్నాయి. కొసలు ముడివేసి ఉన్నాయి.

"పారెయ్యడం మరిచిపోయారా?" అన్నాడు కామేశ్వరరావు.

"కొత్త పడుగు వచ్చినప్పుడు దాని ఒక్కొక్క దారాన్నీ ఈ పాత కొసలకు బూడిద అద్ది అతుకుతరు. అతికి లాగితే కొత్త దారాలు వాటంతట అవే అచ్చులకు వస్తయి. ఈ కొసలు తీసేస్తే వెయ్యికి పైగా దారాలు మళ్లీ ఒక్కొక్కటే దూర్చాలె. ఇద్దరు కూర్చుంటే రెండు రోజులు. నూలు వస్తదన్న నమ్మకం ఉన్నవాడెవడూ ఈ కొసను కొయ్యడు."

రెండో ఇంట్లో అట్లాగే ఉంది. మూడో ఇంట్లో, నాలుగో ఇంట్లో కూడా. ఐదో ఇంటి ముసలామె తన మగ్గం మీద చెయ్యి వేయనియ్యలేదు. పోలీసాయన చెయ్యి తగిలితే దారాలు చిక్కుపడతాయని, కావాలంటే ఎంతసేపైనా చూసుకొమ్మని చెప్పింది. కామేశ్వరరావు చేతులు వెనక్కి కట్టుకొని చూశాడు.

ఎల్లస్వామి ఇల్లు వాడ కొసన. నలభై అయిదేళ్లుంటాయి, మగ్గం మీద వంగి వంగి భుజాలు ముందుకు వాలిన మనిషి. మగ్గం చట్రం ఖాళీ. అచ్చు లేదు. ఇస్రాయేలు తలెత్తి చూశాడు. దూలానికీ కప్పుకూ మధ్య పాత గుడ్డలో చుట్టిన పొడుగాటి మూట ఉంది.

"కిందికి దించు ఎల్లస్వామి."

దించాడు. మూట విప్పితే అచ్చు. ఒక్క దారం లేదు. పుల్లలకు ఆముదం పూసి ఉంది.

"ఎప్పుడు విప్పినవు?"

"శుక్రవారం నాడు సారూ. ఇగ నూలు రాదని తెలిసినంక."

"సావుకారి దుకాణంల నీ చీర చూసిన. అచ్చులకెల్లి గుంజిన దారాలు దానికే వేలాడుతున్నయి. ఆ చీర బుధవారం దీపాలు పెట్టకముందు చేరింది. అప్పటికి జానయ్య స్టేషనుల బండి కడుతున్నడు. బతికున్నడు." ఇస్రాయేలు గొంతు పెంచలేదు. "నూలు రాదని నీకు బుధవారమే ఎట్ల తెలిసింది?"

ఎల్లస్వామి కింద కూర్చుండిపోయాడు. కామేశ్వరరావు ముందుకు కదిలాడు. ఇస్రాయేలు చెయ్యి అడ్డం పెట్టి, తానూ నేలమీద కూర్చున్నాడు.

"నువ్వు చంపినవని అంటలేను. చంపినవాడు ఎలుకలకు భయపడి అచ్చుకు ఆముదం పెట్టుకోడు."

ఆ మాటకు ఎల్లస్వామి కళ్లనిండా నీళ్లు తిరిగాయి. "గంజి వాసనకు కొరుకుతయి సారూ," అన్నాడు. "దారాలతోని పుల్లలు గూడ పోతయి. మా నాయిన కట్టిన అచ్చు ఇది. నూలు రాదని ఎరికైనంక గట్ల ఇడిసిపెట్టబుద్ధి కాలేదు."

ఆ తరువాత మాటలు ఆగి ఆగి వచ్చాయి. జానయ్య తనకు చిన్ననాటి సోపతి. స్టేషనుకు పోయే ప్రతి బుధవారం పొద్దున బండి ఆపి ఇక్కడ అంబలి తాగి పోతాడు. మొన్న బండి ఆపాడు గాని అంబలి ముట్టలేదు. ముందురోజు కృష్ణయ్య జానయ్యను పిలిచాడట. వచ్చేటప్పుడు వాగు దగ్గర ఆగితే ఇద్దరు మనుషులు వస్తారని, బేళ్లు వాళ్లకిచ్చి, సంగంవాళ్లు ఎత్తుకపోయారని చెప్పమన్నాడట. కంట్రోలు నూలుకు బయట గిరాకీ ఎట్లుందో నీకు తెల్వదా, ఈ ఒక్కసారికే, నేసేటోళ్లను నేను చూసుకుంట అన్నాడట. కరువులో తన పిల్లలకు జొన్నలు పోసిన చెయ్యి అది. జానయ్య కాదనలేకపోయాడు.

"నీ ఒక్కనికి చెప్తున్న, అచ్చు ఇప్పి పెట్టుకో అన్నడు సారూ. నాకు కోపమొచ్చింది. నలభై ఇండ్ల అన్నం బండి మీద పెట్టుకొని నడిమిట్ల ఎట్ల ఆగుతవే అని అడిగిన. గిట్లనా మనం బతికింది అన్న. ఎద్దులను అదిలిచ్చుకొని పోయిండు. ఆగుతడనే అనుకున్న. అందుకే కొస కోసిన." ఎల్లస్వామి అరచేతులతో మొఖం మూసుకున్నాడు. "ఆడికి పోయినంక నా మాట యాదికొచ్చినట్టుంది. నేను నోరు మూసుకుంటే ఇచ్చేసి బతికొచ్చేటోడు."

అట్లా అనకపోయి ఉంటే, ఇట్లా చేసి ఉంటే అని భార్య పోయిన ఈ ఐదు నెలలుగా ఇస్రాయేలూ లెక్కలు వేసుకుంటూనే ఉన్నాడు.

"మాట నీది," అన్నాడు. "ఇయ్యనన్నది జానయ్య. ఆయన చేసిన పని ఆయనకే ఉండనియ్యి. దాన్ని నువ్వు తీసుకోకు."

"మల్లయ్యన్నను పట్టుకపోతుంటె గూడ నాకు నోరు రాలే సారూ. ఈ ఇంటి పెంకు నుంచి తినే గింజ దాక సేటుదే. చెప్తే ఎవరు నమ్ముతరు? నమ్మినా రేపటినుంచి నాకు నూలెవరిస్తరు?"

కామేశ్వరరావు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయన గొంతులో పొద్దుటి పదును లేదు. "వాగు దగ్గరికి వస్తామన్న ఆ ఇద్దరూ ఎవరో జానయ్య చెప్పాడా?"

"సేటు గోదాముల బేళ్లు ఎత్తెటోళ్లు. ఇద్దరు నాకు ఎరికే."

ఇన్‌స్పెక్టర్ గోడకు ఆనుకున్నాడు. "కృష్ణయ్యగారు నిన్న నా దగ్గరికి వచ్చారు. నాలుగు బేళ్ల చీరలు రైలుకు అందించాలి, బాట మీద పోలీసు నాకాల దగ్గర సోదాల వల్ల ఆలస్యమవుతోంది, ఎట్లాగూ మీ లారీ స్టేషను మీదుగానే పోతుందిగా అన్నారు. పెద్దమనిషి. నేనే సంతకం పెట్టాను."

ఎల్లస్వామి తలెత్తాడు. "నాలుగు బేళ్ల చీరలా? ఎవరు నేసిండ్రు సారూ? దసరా సంది సగం మగ్గాలు పండుకునే ఉన్నయి. వాడ మొత్తం ఇచ్చినయి కలిపి కట్టినా రెండు బేళ్లు నిండయి."

అంటే ఆ బేళ్లలో ఉన్నవి చీరలు కావు. జానయ్య ప్రాణం పోయినా వదలని నూలు సర్కారు లారీలో, సర్కారు సంతకంతో, ఏ నాకాలోనూ ఎవరూ విప్పకుండా పోతుంది. ఇస్రాయేలు లేచి గడియారం తీశాడు. మూడూ పదిహేను.

"ఇంకా టైముంది. లారీని కదలనియ్యకండి."

"లేదు," అన్నాడు కామేశ్వరరావు. "దుకాణం నుంచి బయలుదేరేటప్పుడు రైలు తప్పిపోతుందని కృష్ణయ్యగారు అడిగితే, మూడింటికే పంపమని మకాంకు కబురు చేశాను. ఈపాటికి ఊరు దాటి ఉంటుంది."

"మల్లయ్య ఎక్కడ కూర్చున్నడు?"

"వెనుక. బేళ్ల మీద."

ఇరవై ఏళ్లుగా నూలు ముట్టుకొని బతికిన మనిషి. కింద ఉన్నది చీరలో నూలో తెలియడానికి ఆయనకు గోనె విప్పే పని లేదు, చెయ్యి ఆనితే చాలు. తెలిసినదాన్ని కడుపులో దాచుకునే మనిషి కూడా కాదు. ఇస్రాయేలు మెల్లగా అడిగాడు.

"కాపలా ఎవరు?"

"ఒక కానిస్టేబుల్, ముందు డ్రైవర్ పక్కన. వెనుక, బేళ్లు దించడానికని కృష్ణయ్యగారి మనుషులు. ఇద్దరు."

కామేశ్వరరావు అప్పటికే వాకిట్లోకి పరుగెత్తాడు. వాడ మొదట్లో ఆపిన జీపును తానే నడుపుకుంటూ వచ్చాడు. ఇస్రాయేలు ముందు ఎక్కాడు. ఎల్లస్వామి చెప్పులు కూడా తొడుక్కోకుండా గడప దాటి వచ్చి, ఎవరూ పిలవకముందే వెనుక ఎక్కి కూర్చున్నాడు. వాడలోని ఆడవాళ్లు తలుపుల్లో నిలబడి చూస్తున్నారు. ఈ జీపులో తాను ఎక్కడం రేపు పొద్దుటికల్లా సావుకారికి చేరుతుందని అతనికి తెలుసు.

"గా ఇద్దరి మొఖాలు మీకు తెల్వయి," అన్నాడు. "నేను చూపెడత."

"లారీ వాగు చేరడానికి ఎంతసేపు పడుతుంది?" గేరు వేస్తూ అడిగాడు కామేశ్వరరావు. స్టేషను దాకా ఆ బాట మీద మనుషులు లేని చోటు అదే.

"ఈ బాట మీద నలభై నిమిషాలు," అన్నాడు ఇస్రాయేలు. "ఇరవై అయిపోయినయి."

జీపు మట్టి రేపుకుంటూ ఊరి బయటికి వచ్చింది. ముందు బాట కనుచూపు మేర ఖాళీగా ఉంది. లారీ లేపిన దుమ్ము కూడా అప్పటికే నేలకు దిగిపోయింది.